అంతా ఫైన్, నాన్నమ్మా

పనసగుడ, అరకు లోయ
జూలై 6

హేమలతకు,

మీ నాన్నమ్మ చిట్టెమ్మ రాసేది. ఆశీస్సులు చివర్లో రాస్తాను. ముందు కోపం.

నిన్న నీతో మాట్లాడదామని వానలో గుట్ట ఎక్కాను. మన ఊళ్ళో ఫోను పలకదని నీకు తెలుసు. గుట్ట మీద ఆ పగిలిన బండ పక్కన నిలబడితేనే రెండు గీతలు వస్తాయి. అక్కడ నిలబడి నిన్ను మూడు ప్రశ్నలు అడిగాను. కొత్త ఉద్యోగం ఎలా ఉంది? పిల్లలకు నీ పాఠం అర్థమవుతోందా? రాత్రిపూట దగ్గు తగ్గిందా? మూడింటికీ కలిపి నువ్వు చెప్పింది ఒకటే: "అంతా ఫైన్, నాన్నమ్మా." అంతలో గీతలు పోయాయి. నేను జారుకుంటూ కిందికి దిగాను. చెప్పు ఒకటి బురదలో తెగిపోయింది.

నీ ఫైన్ కోసం నా చెప్పు పోయింది.

రిటైరయ్యేదాకా ఈ కొండల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. ఆ మాట నాకు తెలియక కాదు. మిరియాలు దంచి గుడ్డలో జల్లిస్తే వచ్చే పొడి ఫైన్. వాన వెలిసి లోయలో ఎండ పడితే ఆ రోజు ఫైన్. సన్న నేత చీర ఫైన్. బడికి చెప్పకుండా మానేస్తే వేసేదీ ఫైనే. వీటిలో నువ్వు ఏ ఫైన్? ఉద్యోగం ఏ ఫైన్, దగ్గు ఏ ఫైన్? జవాబు చెప్పడానికి బద్ధకించినవాళ్ళు కుండ మీద మూకుడు బోర్లించినట్టు ఆ మాట బోర్లిస్తారు. లోపల కూర ఉందో మాడు ఉందో ఎవరికీ తెలియదు.

మన పక్క తోట బుధు కూడా అల్లుడితో మాట్లాడాలని అక్కడే నిలబడి ఉన్నాడు. నీ మాట బయటికి వినిపించింది కాబోలు. "ఏటి టీచరమ్మా, మనవరాలికి ఫైనేసీసినారేటి? పిల్ల ఏటి సేసీనాది?" అని అడిగాడు. కాదయ్యా, బాగున్నానంటోంది అని చెప్పాను. "బాగుంటే బాగున్నాననొచ్చు కదా, ఫైనేటి మద్దిన?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇకనుంచి కాగితం మీద రాయి. ఒక మాట రాసి వదిలేస్తే కింద మిగిలిన తెల్లదనం నీకే కనిపిస్తుంది.

ఆశీస్సులతో,
నాన్నమ్మ

---

తుమ్మిపుట్టు, పెదబయలు మండలం
జూలై 21

నాన్నమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ విప్పాను. చదివి నవ్వుకున్నాను, కొంచెం సిగ్గూ పడ్డాను. చెప్పులు పంపుతున్నాను, సైజు సరిపోకపోతే చెప్పు.

నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది, మిరియాల కషాయం తాగుతున్నాను. బడి బాగుంది. అంతా ఆడపిల్లలే, హాస్టలూ బడీ ఒకే ఆవరణ. మా హెడ్‌సారు మోహన్‌కృష్ణ గారు కింద మైదానం నుంచి వచ్చారు, మంచి పట్టుదల మనిషి. ఈ ఏడు బడిని పూర్తి ఇంగ్లీషు చేయాలని ఆయన కోరిక. గేటు దాటాక తెలుగు గానీ, పిల్లల ఇంటి భాష గానీ వినపడితే ఫైన్. బుధు తాతకు చెప్పు, ఫైన్ నాకు కాదు, పిల్లలకు!

రోజూ పొద్దున నేను "హౌ ఆర్ యూ?" అంటాను, క్లాసంతా "ఐ యామ్ ఫైన్, టీచర్" అని అరుస్తుంది. నెలలో వచ్చేసింది. ఒక్క సోని అనే గుంట తప్ప. ఆరో తరగతి. తెలివైనదే, లెక్కలు అందరికన్నా ముందు చేస్తుంది. ఈ వాక్యం మాత్రం అనదు. "నో ఫైన్, టీచర్" అంటుంది. నవ్వుతూ చెప్పాను, గద్దించి చెప్పాను. పళ్ళు బిగించి నా మొహంలోకి చూస్తుంది. మొండిఘటం. నీ దగ్గర చదివి ఉంటే దారికి వచ్చేదేమో.

ఇక్కడ వాన విడవడం లేదు. బట్టలు ఆరడం లేదు. మిగతాది ఫై... బాగానే ఉంది.

నీ హేమ

---

పనసగుడ
ఆగస్టు 2

హేమలతకు,

చెప్పులు సరిపోయాయి. ఉత్తరం సరిపోలేదు.

"ఇంటి భాష వినపడితే ఫైన్" అని రాసి ఒక ఆశ్చర్యార్థకం పెట్టి ముందుకు పోయావు. ఏమిటా ఫైన్? డబ్బా? ఆ పిల్లల దగ్గర డబ్బెక్కడిది? ఎవరు వేస్తారు, ఎవరు తీసుకుంటారు? నువ్వు పనిచేసే చోట జరిగేది నువ్వే వార్తలా రాస్తే నాకు నచ్చదు. వేసేది నువ్వా, కాదా? ఆ పిల్ల మొండితనం గురించి అన్ని వాక్యాలు రాశావు, నీ గురించి ఒకటీ లేదు.

నీ మీద కోపంతో పెద్ద డిక్షనరీ దించాను. చెద కొంచెం పట్టింది, ఆ పేజీ మిగిలింది. ఇన్నేళ్ళు పాఠం చెప్పీ నేను చూడని సంగతి ఒకటి కనపడింది. మంచిది అనే ఫైన్, జరిమానా అనే ఫైన్ వేరువేరు మాటలనుకునేదాన్ని. కాదు. రెండూ లాటిన్ భాషలో 'ఫీనిస్' అనే మాట నుంచి వచ్చాయి. ఆ మాటకు అర్థం ముగింపు, చివరి హద్దు. ఫినిష్, ఫైనల్ దాని పిల్లలే. ఇక చేయడానికేమీ మిగలకుండా చివరిదాకా చేసిన పని ఫైన్. అందుకే పొడి అయినా నేత అయినా ఇక సన్నం చేయలేమన్నప్పుడు ఆ మాట వాడారు. తగువు పడ్డ ఇద్దరి మధ్య ఇది ఇచ్చి ఇంతటితో ముగిద్దాం అని చెల్లించేది కూడా ఫైన్. ముందు ముగింపు, తర్వాతే శిక్ష.

కాబట్టి నువ్వు "ఫైన్" అంటే "ఇక అడగకు, ముగిసింది" అని అర్థం. మూలార్థంలో సరిగ్గానే వాడావు. అదే నాకు ఒళ్ళు మండిస్తోంది.

నేను అడిగినవాటికి జవాబు రాయి.

నాన్నమ్మ

---

తుమ్మిపుట్టు
సెప్టెంబరు 9

నాన్నమ్మకు,

ఆలస్యమైంది. రాయబుద్ధి కాలేదు. నువ్వు నా ఉత్తరాన్ని కాంపోజిషన్ నోటుబుక్కులా దిద్దుతుంటే నాకు పన్నెండేళ్ళప్పటి భయం వస్తోంది. నేనిప్పుడు టీచర్ని, నాన్నమ్మా.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఫైన్ అంటే గుడ్డు. మధ్యాహ్నం భోజనంలో ప్రతి పిల్లకూ ఒక గుడ్డు ఉంటుంది. ఇంటి భాష మాట్లాడి దొరికిన పిల్ల తన గుడ్డు ఇంగ్లీషు మాట్లాడిన పిల్లల బల్లకు ఇచ్చేయాలి. హెడ్‌సారు రూలు. ఎవరు దొరికారో చెప్పాల్సింది క్లాస్ టీచర్. ఆరో తరగతికి నేనే. నేను రూలు పెట్టలేదు, పేరు మాత్రమే చెబుతాను.

సోని తరచూ దొరికేది. దాని పక్క మంచం పిల్లకు జ్వరం వస్తే దానితో వాళ్ళ భాషలో మాట్లాడేది. ఆ పిల్లకు తెలుగే సరిగ్గా రాదు, ఇంగ్లీషులో ఎలా ఓదారుస్తుంది? అది నాకూ తెలుసు. అయినా పేరు చెప్పాను, పక్క టీచర్లు చెబుతున్నారు కదా అని.

కొర్రకొత్త పండుగకు ఇంటికి వెళ్ళింది. కొత్త కొర్రలు తిని అందరూ తిరిగొచ్చారు. సోని రాలేదు. దసరా సెలవుల్లోగా రాకపోతే రిజిస్టరులో పేరు తీసేస్తానని హెడ్‌సారు అంటున్నారు. దాని ఊరు ఈతగొంది, రోడ్డు లేదు. ఆ ఊళ్ళో ఐదో తరగతి దాటి చదువుతున్న ఆడపిల్ల అదొక్కతే. పేరు పోతే మళ్ళీ ఏ బడికీ పోదు. వాళ్ళమ్మ దాన్ని కాఫీ పండు కోతకు తీసుకుపోతుంది, అంతే.

కోపంగా ఉండకు, నేను వెళ్ళాను. వాగు దాటి, జలగలు పీకుకుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మ రాజులమ్మ నన్ను వాకిలి దాటనివ్వలేదు. సోని గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఎంతో ప్రేమగా, "భయపడకు సోనీ, అంతా ఫైన్. ఎవరూ ఏమీ అనరు, వచ్చేయ్" అన్నాను. అది గిరుక్కున లోపలికి పరిగెత్తింది. వాళ్ళమ్మ మొహం మాడిపోయింది, తలుపు వేసేసింది. ఇంకేం అనాలి నేను? ఏం తప్పు మాట్లాడాను?

ఎవరికోసం తిరుగుతున్నానో కూడా అర్థం కావడం లేదు.

హేమ

---

పనసగుడ
సెప్టెంబరు 17

హేమా,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు మరిచిపోయి మాడబెట్టాను. ఇంతదాకా ఎప్పుడూ జరగలేదు.

ఏం తప్పు మాట్లాడావో చెబుతాను, నిదానంగా చదువు. గుట్ట మీద బుధు ఏమన్నాడో నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు బాగున్నానంటే అతనికి జరిమానా అని వినపడింది. నేను నవ్వలేదన్నానే గానీ ఆలోచించనూ లేదు, అది నా పొరపాటు. మన కొండల్లో మనిషి బాగోగులు ఎలా అడుగుతారు? "అంబలి తాగినావా?" అని అడుగుతారు. తాగితే బాగున్నట్టు. ఫైన్ అనే మాట మనకు ఒక్క దారినే వచ్చింది. ఫారెస్టు గార్డు వేస్తే వచ్చింది, బస్సులో టికెట్టు లేకపోతే వచ్చింది. మీ బడిలో గుడ్డు పోతే వచ్చింది.

ఇప్పుడు ఆ గుంట చెవులతో నీ తరగతి విను. రోజూ పొద్దున టీచర్ ఏదో అడుగుతుంది. అందరూ ఒక్క గొంతుతో "నేను ఫైన్" అని అరుస్తారు. నా గుడ్డు తీసుకోండి అని తమంతట తామే ఒప్పుకున్నట్టు. తెలివైన పిల్ల గనక అది ఒప్పుకోలేదు. నో ఫైన్, టీచర్. నేనేమీ చేయలేదు, నా గుడ్డు నాది అంది. నువ్వు దాన్ని మొండిఘటం అన్నావు.

ఆపైన జలగలు పీకుకుంటూ వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి, తల్లి ఎదుట, "అంతా ఫైన్" అని చెప్పావు.

అంతా, హేమా! తల్లికి ఎలా వినపడి ఉంటుందో చూడు.

ఇక నీ సాకు. "పేరు మాత్రమే చెబుతాను." ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను. నీకు కనపడకపోయినా గీత ఉంది.

మీ హెడ్‌సారు ఫైన్ అసలు ఫైనే కాదు. ఫైన్ కడితే తగువు ముగియాలి. మీ దగ్గర ఈ రోజు గుడ్డు పోతుంది, రేపు మళ్ళీ పోతుంది, ఎప్పటికీ ముగియదు. డిక్షనరీ ప్రకారం చూస్తే మన పెద్దల పద్ధతే ఇంతకన్నా ఇంగ్లీషుది. చేసిన పనినీ తప్పు అనే అంటాం, దానికి కట్టేదాన్నీ తప్పు అనే అంటాం. ఒక కోడి, కొంచెం బియ్యం తెచ్చి, పెద్దమనిషి ముందు పెట్టి, వండుకుని రెండువైపులవాళ్ళూ ఒక్కచోట తింటారు. తిన్నాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడే తప్పు కట్టాలి. నువ్వు చిన్నప్పుడు అలాంటి భోజనాల్లో నా పక్కన కూర్చుని తిన్నదానివే.

మళ్ళీ వెళ్ళు. ఈసారి పిలుచుకు రావడానికి కాదు, తప్పు కట్టడానికి వెళ్ళు. ఆ నోటితో ఇక పేర్లు చెప్పనని హెడ్‌సారుకు రాసిచ్చి వెళ్ళు.

నాన్నమ్మ

---

తుమ్మిపుట్టు
సెప్టెంబరు 28

నాన్నమ్మకు,

నువ్వు గుట్ట ఎక్కి దిగితే సరిపోతుంది. నాకు ప్రొబేషన్ ఉంది. రూలు పాటించనని రాసిస్తే నా సర్వీసు పుస్తకంలో ఏం రాస్తారో నీకు తెలియనిది కాదు. టీచరు కోడిని చంకలో పెట్టుకుని పిల్ల ఇంటికి తప్పు కట్టడానికి పోయిందని తెలిస్తే స్టాఫ్‌రూమ్‌లో తల ఎత్తుకోగలనా? మీ రోజుల్లో నువ్వే టీచరు, నువ్వే హెడ్డు, నువ్వే గుమాస్తా. ఇప్పుడలా లేదు.

నీకు ప్రతిదానికీ ఒక మూలార్థం ఉంటుంది. నాకు ప్రతి నెలా ఒక రిపోర్టు ఉంటుంది.

ఇంక దీని గురించి రాయకు.

హేమలత

---

పనసగుడ
అక్టోబరు 3

హేమలతకు,

ఉత్తరం అందింది. ఇక్కడ వాన తగ్గలేదు. కాఫీ కాయ ఇంకా పచ్చిగానే ఉంది.

రాయవద్దన్నావు కాబట్టి రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. దసరా సెలవులు ఏ రోజు నుంచి?

నాన్నమ్మ

---

తుమ్మిపుట్టు
అక్టోబరు 24

నాన్నమ్మకు,

నీ ఆరు వాక్యాల ఉత్తరం నన్ను నిద్రపోనివ్వలేదు. నువ్వు తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అందులో తిట్టు లేదు, నేనేం చేయను?

వెళ్ళాను. సెలవులకు ముందు ఆదివారం. సంతలో పుంజును కొన్నాను, అది దారి పొడవునా నా మోచేతిని పొడిచింది. వాగు దగ్గర ఒకసారి వదిలేశాను కూడా, దానిని పట్టుకోవడానికి చీర మోకాళ్ళదాకా ఎత్తి పరిగెత్తాను. నువ్వు చూసి ఉంటే సంతోషించేదానివి.

ఆ ఊరి పెద్ద ఫల్గుణ రచ్చరాయి మీద కూర్చుని ఉన్నాడు. నన్నూ పుంజునూ కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏటమ్మా, గుంట పేరు కొట్టీడానికొచ్చినావా, మాకు కోడి అమ్మడానికొచ్చినావా?"

"తప్పు కట్టడానికి వచ్చాను" అన్నాను.

రాజులమ్మ లోపలినుంచి చీపురు పట్టుకునే వచ్చింది. "టీచర్లు తప్పు కడతారేటి? నానెప్పుడూ సూళ్ళేదు. మొన్నొచ్చి అంతా ఫైనన్నావు. ఇన్నాళ్ళూ గుడ్డే కదా పోనాది, ఇప్పుడు కూడు కూడా పోనాదేటి, మంచం కూడా పోనాదేటని గుండె జారిపోనాది నాకు. పిల్ల ఆకలితో సదువుతాదేటి?"

నువ్వు రాసిందే, నాన్నమ్మా. ఆ మాట అలాగే వినపడింది. కాగితం మీద చదివినప్పుడు నీ మీద కోపం వచ్చింది. ఆమె నోట విన్నప్పుడు కూర్చుండిపోయాను.

అక్కడ నేను చెప్పిందంతా రాయను. సంజాయిషీ మొదలుపెడితే ఫల్గుణ చెయ్యెత్తి ఆపేశాడు. "కత సాలు. కోడి నాకిచ్చీ. బేగి నీళ్ళెట్టండి" అన్నాడు. అంతే విచారణ.

అడ్డాకుల్లో వడ్డించారు. కొర్రన్నం, పుంజు కూర. నా ఆకులో మాత్రం రాజులమ్మ ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టింది. అప్పటిదాకా పొయ్యి వెనక నక్కిన సోని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వాళ్ళ భాషలో "తిన్నావా?" అని ఎలా అడగాలో నేర్పమన్నాను. చెప్పింది. నేను అన్నాను. ఇల్లంతా గొల్లుమంది. నేనేమన్నానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. సోని ఒక్కటే నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "ఫైన్, టీచర్" అని నా ఆకులోని గుడ్డు తీసుకుని తినేసింది.

ఆకలితో ఉన్నాను, నాన్నమ్మా. ఆ గుడ్డు పోతే ఎలా ఉంటుందో తెలిసింది.

ఫల్గుణ చెయ్యి కడుక్కుని, "అయిపోనాది. ఇకమీద ఈ మాట ఎవులెత్తినా ఆలే కట్టాల" అన్నాడు. ఇది నేను ఎత్తడం కాదు, పెద్దవాళ్ళకు చెప్పుకోవడం. ఈ ఉత్తరంతో సరి.

సోని వచ్చేసింది. పేరు ఉంది. కానీ మిగతాది నువ్వు ఊహించినట్టు లేదు. పేర్లు చెప్పనని రాసిచ్చాను, మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయాలి. ఆరో తరగతి గుడ్లు ఆరో తరగతిలోనే ఉంటున్నాయి. ఏడు, ఎనిమిదిలో ఇంకా పోతున్నాయి. స్టాఫ్‌రూమ్‌లో నేను లోపలికి వస్తే కోడి కూతలు వినిపిస్తున్నాయి. చిరాకుతో తల పగిలిపోతోంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నిన్న ప్రార్థనలో హెడ్‌సారు స్వయంగా ముందు వరసలోకి వచ్చి సోనిని ఆపారు. "హౌ ఆర్ యూ?" అన్నారు. అది నిటారుగా నిలబడి, "ఐ ఏట్ ఎగ్, సార్" అంది.

ఆయన పక్క వరసకు వెళ్ళిపోయారు. ఫైన్ వేద్దామంటే అది ఇంగ్లీషే మరి.

నువ్వెలా ఉన్నావు?

హేమ

---

పనసగుడ
నవంబరు 2

చిరంజీవి హేమకు,

ఈసారి ఆశీస్సులు ముందు.

నీకూ ఆ పిల్లకూ మధ్య తప్పు తీరింది. కాబట్టి ఆ మాట నేనూ ఎత్తను, ఎత్తి కోడి కట్టే వయసు కాదు నాది. కానీ మీ హెడ్‌సారు ఇంకా కట్టలేదు. భోజనంలో గుడ్డు పిల్ల కడుపుకు ఇచ్చేది, నాలుకకు వేసే మార్కు కాదని ఆయన పై అధికారులకు నా పేరుతో ఒక ఉత్తరం పంపాను. జవాబు రాలేదు. రాకపోతే మళ్ళీ రాస్తాను. వాళ్ళు విసిగిపోయేదాకా రాయగలను, నాకు వేరే పనేముంది?

మెమోకు జవాబు నువ్వే రాయి. అందులో "పొరపాటున", "అనుకోకుండా" లాంటి మాటలు పెట్టకు. చిత్తుప్రతి నాకు పంపు, దిద్దుతాను. నీకు పన్నెండేళ్ళప్పటి భయం వేస్తే వేయనీ.

నేనెలా ఉన్నానని అడిగావు. కాఫీ పండు ఎర్రబడింది, కోతకు మనుషులు దొరకడం లేదు. ఎడమ మోకాలు గుట్ట ఎక్కనివ్వడం లేదు. పాలగిన్నె మాడు ఇంకా వదల్లేదు. నీ మీద కోపం సగం పోయింది, మిగతా సగం మెమో సంగతి తేలాక చూస్తాను. బుధుకు నీ సంగతి చెబితే, "అయితే ఫైన్ మనవరాలే కట్టీనాదన్నమాట" అన్నాడు. అవునన్నాను. అంబలి తాగాను. చూశావా, మనిషి ఎలా ఉందో చెప్పడానికి ఎన్ని మాటలు పడతాయో?

సోనితో చెప్పు, ఎగ్ ముందు 'యాన్' రావాలి.

వద్దులే. ఇప్పుడే చెప్పకు.

నాన్నమ్మ